మధ్యయుగపు చర్చి పాటల పుస్తకాల్లో మొదటి అక్షరాన్ని అంత పెద్దగా, బొమ్మలతో ఎందుకు రాసేవారు?

అందం ఒక్కటే కారణం కాదు. ఏ పండుగ పాట ఎక్కడ మొదలవుతుందో గాయకులకు ఆ అక్షరమే గుర్తు. సాధారణంగా పండుగ ఎంత ముఖ్యమైతే అక్షరం అంత ఘనంగా ఉండేది.

బొమ్మ కూడా ఊరికే వేసింది కాదు. క్రిస్మస్ పగటి పూజలో మొదటి పాట లాటిన్‌లో 'పువెర్ నాటుస్ ఎస్ట్', అంటే 'శిశువు పుట్టెను'. అందుకే ఆ 'పి' అక్షరం లోపల బాలయేసు, మరియ తరచుగా కనిపిస్తారు. ఈస్టర్ పాట 'రెసుర్రెక్సి' (అంటే 'నేను లేచితిని')కి రాసిన 'ఆర్'లో సమాధి నుంచి లేచిన క్రీస్తును చిత్రించేవారు. ఫ్లోరెన్స్‌లో లొరెంజో మొనాకో అనే సన్యాసి చిత్రించిన అక్షరాలు తప్పక చూడాలి, అంత జీవం ఉంటుంది వాటిలో.

బాధాకరమైన విషయం, 19వ శతాబ్దంలో సేకర్తల కోసం ఇలాంటి అక్షరాలు ఎన్నింటినో కత్తిరించి అమ్మేశారు. మ్యూజియాల్లో విడిగా కనిపించే చాలా ముక్కల వెనకవైపు తెగిపోయిన పాటల స్వరాలు ఇంకా ఉన్నాయి.