బడికి తాళం పడేలోపు తీసుకోవాల్సిన కాగితాలు

ప్రశ్న: సార్, మాది నల్గొండ జిల్లాలో చిన్న ఊరు. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా అందరూ కలిపి 23 మందే మిగిలారు. టీచర్లను తాత్కాలికంగా, వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద వేరే బడికి పంపుతున్నారు. పిల్లల్ని 7 కిలోమీటర్ల దూరంలో మండల కేంద్రం హైస్కూల్లో చేర్చుకోమంటున్నారు. పాప ఎనిమిది పూర్తి చేసింది, పరీక్ష రాస్తే కేంద్రం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్‌కు సెలక్టయింది. బాబు ఏడులోకి వచ్చాడు. పాపను కేజీబీవీలో (అమ్మాయిల కోసం ప్రభుత్వం నడిపే కస్తూర్బా హాస్టల్ బడి) వేద్దామని మా ఇంటామె అంటోంది. అప్పు చేసైనా ప్రైవేటులో చేర్పిద్దామని నాకుంది. ఆడపిల్లకు చదివిన కాడికి చాల్లే అని మా అమ్మ అంటోంది. నేను ఆటో నడుపుతాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మగారి మాట నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడుంది. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల వరకు, ఎనిమిదో తరగతి దాకానే వర్తిస్తుంది. తొమ్మిదిలో చేరకుండా ఇంట్లో ఉండిపోయిన పిల్లను వెతుక్కుంటూ వచ్చే బాధ్యత చట్టప్రకారం ఎవరి మీదా గట్టిగా లేదు. ఊళ్లో బడి మూతపడ్డాక చదువు ఆగిపోయేది ఎక్కువగా ఎనిమిది దాటిన ఆడపిల్లలకే. దూరం 7 కిలోమీటర్లే అయినా ఇంట్లో అది ‘పొరుగూరు’ అయిపోతుంది. పాప స్కాలర్‌షిప్ తెచ్చుకుందని, చదువు మానిపిస్తే ఆ డబ్బు కూడా పోతుందని అమ్మగారికి చెప్పండి. పెద్దవాళ్లకు ఒక్కోసారి లెక్కలతో చెబితేనే తలకెక్కుతుంది.

ఆ లెక్క ఇదీ. ఎన్‌ఎంఎంఎస్ కింద తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి, అంటే నాలుగేళ్లకు 48,000. అయితే ఇది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ (ప్రభుత్వ సాయంతో నడిచే) బడుల్లో చదివేవాళ్లకే. ప్రైవేటు బడిలో అడుగుపెట్టిన రోజే ఇది ఆగిపోతుంది. మీ ఇంటామె దృష్టికి వచ్చి ఉండని సంగతి ఇంకొకటి ఉంది. తిండీ వసతీ ప్రభుత్వమే ఇచ్చే రెసిడెన్షియల్ బడుల పిల్లలకు కూడా నిబంధనల ప్రకారం ఈ స్కాలర్‌షిప్ లేదు. కేజీబీవీ ఆ కోవలోదే. కేజీబీవీలు చెడ్డవని నేననను. బస్సే లేని ఊళ్ల నుంచి వచ్చిన ఎందరో అమ్మాయిల్ని అవే నిలబెట్టాయి. కానీ పరీక్ష రాసి గెలుచుకున్న డబ్బును తెలియక వదులుకోవడం వేరు, తెలిసి వదులుకోవడం వేరు.

ప్రైవేటు విషయానికొస్తే, మీ ఆశ నాకు తెలుసు. పొద్దున్నే పసుపు బస్సు ఊళ్లోకి వచ్చి టై కట్టుకున్న పిల్లల్ని ఎక్కించుకుపోతుంటే ఏ తండ్రికైనా మనసు లాగుతుంది. మీ బడి 23 మందికి రావడానికి ఆ బస్సు సగం కారణం. మిగతా సగం గురుకులాలు, ఇంటికి ఒకరిద్దరే పిల్లలు కావడం. ఇంగ్లిష్ మీడియం కోసమే అయితే 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ మొదలైంది. ఇంకో సంగతి చూడండి. బాసర ట్రిపుల్ ఐటీలో (పది తర్వాత చేరే ఇంజినీరింగ్ విద్యాసంస్థ) పదో తరగతి మార్కుల మీదే సీట్లిస్తారు. అక్కడ నాన్ రెసిడెన్షియల్ (హాస్టల్ లేని) ప్రభుత్వ బడుల పిల్లలకు డిప్రైవేషన్ స్కోర్ అని అదనంగా కలుపుతారు. మార్కులకు బదులు పదికి గ్రేడ్ పాయింట్లు (జీపీఏ) ఇచ్చిన రోజుల్లో అది 0.4. వినడానికి చిన్నదే, కానీ కటాఫ్ దగ్గర వందలమంది ఒకే స్కోరుతో నిలబడినప్పుడు ఆ కాస్త అదనం విలువ తెలుస్తుంది. ఏటా జూన్‌లో నా ముందు కూర్చుని, రెండేళ్ల ముందు బడి మార్చి ఈ వెయిటేజీ పోగొట్టుకున్నామని తల పట్టుకునే తల్లిదండ్రులు ఉంటారు.

కాబట్టి నా మాట: పాపను మండల కేంద్రం జిల్లా పరిషత్ హైస్కూల్లో, రోజూ ఇంటి నుంచి వెళ్లొచ్చేలా చేర్చండి. ఆ బడి భవనాన్నీ గోడల రంగుల్నీ చూసి నిర్ణయించకండి. లోపలికి వెళ్లి హెడ్మాస్టర్ను ఒకటే అడగండి: తొమ్మిది, పదికి లెక్కలు, ఫిజికల్ సైన్స్ చెప్పే స్కూల్ అసిస్టెంట్లు (సబ్జెక్టు టీచర్లు) ఉన్నారా, ఆ పోస్టులు ఖాళీనా? 23 మంది ఉన్న మీ బడిలో ఈ రెండూ ఎవరు చెప్పారో పాపను అడిగితే మీకే అర్థమవుతుంది. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది కానీ, తరగతికి నలుగురున్న చోట పోటీ ఉండదు, సబ్జెక్టు టీచరూ నిలవడు. మీ ఊరి బడి మీద మీకున్న ప్రేమను తప్పుపట్టను. నేనూ అలాంటి బడిలోనే చదివాను. అయినా తొమ్మిదిలోకి వెళ్లే పిల్లకు ఇప్పుడు కావాల్సింది లెక్కల మాస్టారు.

ఇక అందరూ నిర్లక్ష్యం చేసే పని, కాగితాలు. నేను చదివిన ఊరి బడి కూడా ఇలాగే ఇంకో బడిలో కలిసిపోయింది. పదిహేనేళ్ల తర్వాత ఉద్యోగానికి స్టడీ సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. అడ్మిషన్ రిజిస్టర్ ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు. నాలుగు సార్లు తిరిగాక ఒక స్టోర్ రూంలో, విరిగిన బెంచీల కింద దొరికింది. అంచులు చెదలు తినేశాయి. నా పేరున్న వరుస మిగలడం నా అదృష్టం. నా వెనక వరుసలోని మిత్రుడి పేరు సగమే మిగిలింది.

అందుకే హెడ్మాస్టర్ ఇంకా ఆ కుర్చీలో ఉండగానే వెళ్లండి. పాపకు ఆరు నుంచి ఎనిమిది దాకా, బాబుకు ఆరోదానికి బోనఫైడ్ (స్టడీ) సర్టిఫికెట్లు ముద్రతో తీసుకోండి. ప్రాథమిక పాఠశాల నుంచి ఒకటి నుంచి ఐదు దాకావి విడిగా తీసుకోండి. తెలంగాణలో సర్కారు కొలువులకు స్థానికత తేల్చేది ఒకటి నుంచి ఏడు తరగతులు ఎక్కడ చదివారన్న దాని మీదే. ఇంటర్ తర్వాత ఇంజినీరింగ్ లాంటి కోర్సులకు రాసే ఈఏపీసెట్‌ దరఖాస్తులో ఆరు నుంచి ఎక్కడ చదివారో రాయాలి. అదే గదిలో అడ్మిషన్ రిజిస్టర్ తెరిపించి పిల్లల పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, రిజిస్టర్‌లో వెనక, పేరులో ‘ణ’ ఉండాల్సిన చోట ‘న’... మామూలుగా కనిపించేవి ఇవే. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) వెళ్లకముందు సరిచేయించడం తేలిక. మెమో మీద అచ్చయ్యాక కాళ్లరుగుతాయి. టీసీ మీద పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) రాయించుకోండి. పాత బడి యూడైస్‌లో (బడులు, పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్) పాపను డ్రాప్ బాక్స్‌లోకి, అంటే బడి మారే పిల్లల జాబితాలోకి, పంపితేనే కొత్త బడి తన రోల్లోకి తీసుకోగలుగుతుంది. ఆ పని మధ్యలో ఆగిపోతే పాప తరగతిలో కూర్చుంటుంది కానీ లెక్కలో ఉండదు. బాబు విషయంలో భయం లేదు. ఎనిమిది లోపు పిల్లలకు టీసీ వెంటనే ఇవ్వాలి, ఆలస్యమైనా దాన్ని సాకుగా చూపి చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చెబుతోంది.

స్కాలర్‌షిప్ సంగతి కొత్త హెడ్మాస్టర్‌కు చేరిన వారంలోనే చెప్పండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తు, ఏటా రెన్యువల్ ఉంటాయి, వాటిని బడి ధ్రువీకరించాలి. పదిలో 60 శాతం తెచ్చుకుంటేనే ఇంటర్‌లో కొనసాగుతుంది, అదీ ప్రభుత్వ లేదా ఎయిడెడ్ కాలేజీలో చేరితేనే. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది.

రానుపోను సంగతి. ఆర్టీసీ పల్లెవెలుగులో పాపకు మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. బాబుకు స్టూడెంట్ పాస్ తీయాలి. దూరం నుంచి వచ్చే పిల్లలకు సమగ్ర శిక్ష పథకం కింద రవాణా భత్యం ఉంది, ఏడాదికి 6,000 దాకా. మీ ఆవాసం పేరు ఆ జాబితాలో ఎక్కిందో లేదో మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి.

అసలు చిక్కు పదో తరగతిలో వస్తుంది. చలికాలం నుంచి పొద్దున, సాయంత్రం స్పెషల్ క్లాసులు పెడతారు. చివరి బస్సు ఐదింటికే వెళ్లిపోతే మీ ఊరి పిల్లలు ఆ క్లాసులు వదిలేసి పరుగెత్తాలి. ఆటో మీ చేతిలో ఉంది కాబట్టి మీ పాప గట్టెక్కవచ్చు, మిగతా ఇళ్ల సంగతేంటి? 23 మంది తల్లిదండ్రులూ కలిసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. బడి మళ్లీ తెరవమని రాస్తే ఫైలు కదలడం కష్టం. సాయంత్రం బస్సును ఆరున్నరకు మార్చమని, రవాణా భత్యం ఇప్పించమని రాయండి. ఒక కాపీ డిపో మేనేజర్‌కు ఇవ్వండి. ఇంకో కాపీ మీద తీసుకున్నట్టు ముద్ర వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి.