రాచకొండ ఎక్కి దిగడం కాదు, చుట్టి రావాలి

హైదరాబాదు నుంచి ఒక్క రోజులో వెళ్లి రాగలిగే గుట్టల నడక చెప్పమన్నారు. ఎక్కిన దారినే దిగకుండా చుట్టి రావాలన్నారు, పదేళ్ల పిల్లలు కూడా వస్తారన్నారు. రాచకొండ వెళ్లండి. నగరానికి సుమారు 60 కిలోమీటర్లు, సంస్థాన్ నారాయణపురం మండలం. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ గుట్టలు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లాయి, మా ఊరు నల్లగొండలోనే ఉండిపోయింది. నాకు మాత్రం ఇప్పటికీ అవి నల్లగొండ గుట్టలే.

చుట్టి రావాలని అడిగినందుకు సంతోషం. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది మెట్లవెంట కోట ఎక్కి, పైన ఒక గుండు మీద నిలబడి ఫోటో దిగి, అదే దారిన కిందికి వచ్చేస్తారు. వాళ్లు రాచకొండ చూడలేదనే నేనంటాను. రెండో వైపు దిగి, అడవిలోంచి గుట్టను చుట్టి వస్తేనే ఆ కొండ ఏమిటో తెలుస్తుంది.

కోట గురించి ఎక్కువ చెప్పను. 1323లో ఓరుగల్లు పడిపోయాక రేచర్ల పద్మనాయకులు ఇక్కడ రాజధాని పెట్టుకున్నారు. అనపోతానాయకుడు, సింగభూపాలుడు ఏలిన చోటు. గోడలను దగ్గరికి వెళ్లి చూడండి. సున్నం లేదు, మట్టి లేదు, పెద్ద పెద్ద రాళ్లను ఒకదానికొకటి ఒరిపించి పేర్చారు. ఆరు వందల ఏళ్ల వానలకు నిలిచిన ఆ కట్టడాన్ని ఇప్పుడు గుప్తనిధుల కోసం గడ్డపారలతో పెకలిస్తున్నారు. పాడుబడిన గుళ్లలో రాళ్లు లేపేసిన గుంతలు చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. అక్కడ ఏ నిధీ లేదు. ఆ గోడలే నిధి అనుకుంటే సరిపోయేది కదా.

నేను చెప్పదలచుకున్నది మూడేళ్ల కిందటి కార్తీకమాసం సంగతి. నేనూ మా మేనల్లుడూ తెల్లవారకముందే బయలుదేరి తొమ్మిదింటికల్లా పైన ఉన్నాం. మంచు విడిపోయింది. ఎటు చూసినా గుట్టలు, గుట్టల మధ్య తాండాలు, పత్తి చేలు, ఎండకు మెరిసే కుంటలు. రెండో వైపు దిగుదామని ఫోనులో పటం తెరిస్తే సన్నని గీత కనిపించింది. ఆ గీతను నమ్మి గంటసేపు దిగాం. తీరా అది ఒక పరుపుబండ అంచుకు తీసుకెళ్లి వదిలేసింది. కింద ఇరవై ముప్పై అడుగుల జారుడు. వెనక్కి ఎక్కుదామంటే సీతాఫలం పొదల్లో వచ్చిన దారే కనబడలేదు. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. ఎలుగుబంట్లు తిరిగే అడవి అని మావాడికి అంతకుముందే చెప్పి ఉన్నాను. వాడు మాట్లాడటం మానేశాడు.

అప్పుడు మేకల గంటలు వినిపించాయి. గొంగడి భుజాన వేసుకున్న ఒక ముసలాయన గుండ్ల మధ్యలోంచి వచ్చి, "ఏ ఊరు బిడ్డా? ఇటు ఎందుకు వచ్చారు?" అన్నాడు. చెప్పాం. ఫోను చూపించాను. ఆయన దాని వంక చూడనే లేదు. "వాననీళ్లు దిగిన దారినే మేకలు దిగుతాయి. నా వెనక రండి" అన్నాడు.

ముందు ఒక దోన దగ్గరికి తీసుకెళ్లాడు. బండ మీద సహజంగా ఏర్పడ్డ గుంట అది, నిండా వాననీళ్లు. "పై దోనలో తాగండి, కిందిది మేకలకు" అన్నాడు. పైదాని అంచు నుంచి కిందిదానికి బండ మీద వేలెడు లోతున కాలువలాంటి గాడి ఉంది. అది కోటవాళ్లు తొలిపించిందేనని నా నమ్మకం. అంత తిన్నగా నీరు తనంతట తాను కోసుకోదు.

అక్కడి నుంచి దిగుతుంటే రాయి మారింది. అప్పటిదాకా బూడిదరంగు, గులాబీరంగు కలిసిన గ్రానైటు. పొరలు పొరలుగా ఊడి, మూలలు అరిగి గుండ్లైన రాయి. ఆ గుండ్లను ఎవరూ తెచ్చి పేర్చలేదు. చుట్టూ ఉన్న మెత్తబడ్డ రాయి మొరమై కొట్టుకుపోతే, గట్టిది ఒకదాని మీద ఒకటి అలా మిగిలిపోయింది. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. దాన్ని అడ్డంగా కోస్తూ ఒక నల్లరాయి గట్టు గోడలా సాగిపోయింది. డోలరైటు అంటారు. గ్రానైటు చల్లారి పగిలాక ఆ పగులులోకి భూమి అడుగు నుంచి ఎగదన్నిన శిలాద్రవం గడ్డకట్టి అలా మిగిలింది. ముసలాయన దాని మీద కర్రతో తట్టి, "ఈ గట్టుకు పైన బావి తవ్వితే నీళ్లు పడతాయి. కింద తవ్వితే బండే" అన్నాడు. నిజమే. అలాంటి గట్టు చాలాచోట్ల భూగర్భంలో ఆనకట్టలా నిలబడి, వాలులో దిగే నీటిని ఆపుతుంది. నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది ఆయనకు కాలి కింద తెలుసు.

నాకు అక్కడ మా మేనత్త గుర్తుకొచ్చింది. నలభై ఏళ్లకే నడుము వంగిపోయింది, మోకాళ్లు వంకరపోయాయి. మా ఊరి బోరునీళ్లే కారణం. ఈ గ్రానైటులోని ఖనిజాల నుంచే ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. నీరు లోతున రాతిని అంటిపెట్టుకుని ఎంతకాలం ఉంటే అంత ఎక్కువగా పడుతుంది. బండ మీద పడి, దోనలో ఆగి, కుంటలోకి జారే వాననీటిలో ఆ బాధ పెద్దగా ఉండదు. కుంటలు పూడిపోనిచ్చి, బోర్లు లోతుకు, ఇంకా లోతుకు దించుకుంటూ పోయి మేమే ఆ విషాన్ని పైకి తోడుకున్నామని నా గట్టి అభిప్రాయం. కుళాయిలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి కదా, ఇంకా కుంటల సంగతి ఎందుకంటారు కొందరు. మా మేనత్తను చూడనివాళ్లు అనే మాట అది.

గట్టు దాటాక దారి సులువు. మోదుగ, తునికి చెట్ల మధ్య నీటివాగు వెంట నడిస్తే గుట్ట అడుగున చిన్న కుంట వస్తుంది. కట్ట మీద చింతచెట్లు, రాతితో కట్టిన పాత తూము, పక్కన మత్తడి. తూము రాళ్లు కూడా కోటగోడలాగే ఒరిపించినవి. కట్ట మీద నిలబడి వెనక్కి చూస్తే పొద్దున మేం ఎక్కిన గుండు కనిపించింది. దాని మీద పడిన వాన ఇక్కడికే వస్తుందని మావాడికి చూపించాను. మళ్లీ నోరు విప్పింది అక్కడే, "మామా, మన ఊరి కుంట ఏ గుట్టది?" అని. అక్కడి నుంచి తాండా మీదుగా మా బండి దగ్గరికి ముప్పావుగంట. ముసలాయన కట్ట దాకా వచ్చి మేకలను తోలుకుంటూ పక్కకు మళ్లిపోయాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

మీరు వెళ్లేది అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపల పెట్టుకోండి. వేసవిలో ఆ బండల మీద అడుగు పెట్టలేరు. దారి గుర్తులు, బోర్డులు ఉంటాయని అనుకోవద్దు, తాండాలో ఒకరిని అడిగి వెంట తీసుకెళ్లి కూలి ఇవ్వండి. ఆగుతూ నడిస్తే ఆరు గంటలు పడుతుంది. నీళ్లు మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్లండి, ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోండి. దోనల్లో తేలే ప్లాస్టిక్‌ను మేకలు నములుతున్నాయి. పదేళ్ల పిల్లలు హాయిగా నడుస్తారు. నల్లరాయి గట్టు దగ్గర వాళ్లను కాసేపు ఆపి, ఒక చెయ్యి గ్రానైటు మీద, ఇంకో చెయ్యి నల్లరాయి మీద పెట్టించండి. మధ్యాహ్నం వేళైతే నల్లరాయే ఎక్కువ కాలుతుంది.