థర్మల్ స్కాన్‌లో నార్మల్ వస్తే చాలా?

ప్రశ్న: నా వయసు 47. పోయిన నెల మా అపార్ట్‌మెంట్‌లో జరిగిన ఆరోగ్య శిబిరంలో రొమ్ములకు థర్మల్ స్కాన్ తీసి, అంతా నార్మల్ అని రిపోర్టు ఇచ్చారు. రేడియేషన్ లేని పరీక్ష కనుక ఇక మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) అక్కర్లేదని కూడా చెప్పారు. కానీ ఎడమ రొమ్ములో చంక వైపు శనగగింజంత గడ్డ చేతికి తగులుతోంది. నొప్పి లేదు. రిపోర్టును నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ రిపోర్టును పక్కన పెట్టి, ఈ వారంలోనే సర్జన్‌కు చూపించుకోండి. రొమ్ము క్యాన్సర్ గడ్డలు చాలావరకు మొదట్లో నొప్పి పెట్టవు కాబట్టి, నొప్పి లేదని ఊరుకోవడానికి వీల్లేదు. అలాగని ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. ఎక్కువ భాగం మామూలు గడ్డలే. ఏది ఏదో తేల్చడం మాత్రం థర్మల్ కెమెరా వల్ల అయ్యే పని కాదు.

క్యాన్సర్ కణితికి రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి అక్కడ వేడి కూడా ఎక్కువగా ఉంటుందన్నది ఈ పరీక్షకు ఆధారం. ఆలోచన సబబైనదే, 1950ల నుంచీ ఉన్నదే. అయితే మీరు చూసిన ఆ ఎరుపు, పసుపు, నీలం రంగుల బొమ్మ చర్మం పైనున్న వేడిని మాత్రమే చూపిస్తుంది. లోతుగా ఉన్న చిన్న కణితి వేడి చర్మం దాకా రాకపోవచ్చు. క్యాన్సర్ లేకపోయినా, చీముగడ్డ ఉన్నప్పుడు ఆ చోటు వేడిగా కనిపించవచ్చు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1982లో దీనిని మామోగ్రామ్‌కు తోడుగా మాత్రమే అనుమతించింది, మామోగ్రామ్‌కు బదులుగా వాడరాదని 2019లో మళ్లీ హెచ్చరించింది. శిబిరంలో మీకు చెప్పింది సరిగ్గా దీనికి విరుద్ధం.

మామోగ్రామ్ రేడియేషన్ గురించి భయం అక్కర్లేదు. మన చుట్టూ ఉన్న ప్రకృతి నుంచి కొన్ని వారాల్లో శరీరానికి సోకే రేడియేషన్ ఎంతో, ఇదీ దాదాపు అంతే.

సర్జన్ ముందుగా రొమ్మును, చంకను చేత్తో పరీక్షిస్తారు. ఆ తర్వాత మామోగ్రామ్, దానితోపాటు అల్ట్రాసౌండ్ తీయించి, అనుమానం మిగిలితే సూదితో చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. మామోగ్రామ్‌కు వెళ్లే రోజు చంకల్లో పౌడరు గానీ డియోడరెంట్ గానీ రాసుకోకండి. గడ్డ తగలకముందే క్యాన్సర్ జాడ చెప్పగల సన్నని సున్నపు చుక్కల కోసం డాక్టరు ఆ ఫిల్మును వెతుకుతారు. పౌడరు రేణువులూ అందులో అచ్చం అలాగే తెల్లగా పడతాయి.