టెక్ సందేహాలు: పెద్దబాతు ముక్కు గులాబీయా, నారింజా?

ప్రశ్న: చలికాలంలో వచ్చే అడవి పెద్దబాతులను ఫోన్‌తో ఫొటో తీసి, పక్షులను గుర్తుపట్టే మెర్లిన్ యాప్‌లో పెడుతున్నాను. ‘గ్రేటర్ వైట్ ఫ్రంటెడ్ గూస్’ అని చెప్పి ఆగిపోతోంది. అది యూరప్ రకమో, గ్రీన్‌లాండ్ రకమో చెప్పే యాప్ ఏదైనా ఉందా?

జవాబు: యాప్ మార్చినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మెర్లిన్ ఫొటో ఐడీ పని జాతిని గుర్తించడం. ఉపజాతిని తేల్చుకోవాల్సింది మీరే. అందుకు రంగులు సరిగా పడిన ఫొటో కావాలి, చిక్కంతా అక్కడే.

యూరప్ రకానికి ముక్కు గులాబీ రంగు. గ్రీన్‌లాండ్‌లో గుడ్లు పెట్టి ఐర్లండ్, స్కాట్లండ్‌లకు వచ్చే రకానికి నారింజ. వెలుతురును బట్టి రంగులను తనంతట తానే సరిచేసే ఫోన్‌లోని ఆటో వైట్ బ్యాలెన్స్ సరిగ్గా ఈ రెండు రంగుల దగ్గరే మోసం చేస్తుంది. సాయంత్రపు ఎండలో గులాబీ ముక్కు కూడా నారింజగా పడొచ్చు. మీ కెమెరాలో ప్రో మోడ్ ఉంటే రా (RAW) ఫార్మాట్‌లో, అంటే ఫోన్ మార్పులు చేయని ముడి ఫొటోగా తీయండి. ఎడిటింగ్‌లో వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌ను (ఏది తెలుపో చూపే గుర్తును) పక్షి తోక కింద ఉండే తెల్లని ఈకల మీద పెట్టండి. ఆ తెలుపు తెలుపుగా కనిపిస్తే ముక్కు రంగునూ చాలావరకు నమ్మొచ్చు. తెలుపు మరీ వెలిగిపోయి ఉంటే మాత్రం ఈ కిటుకు పనిచేయదు. అందుకే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీయండి.

డిజిటల్ జూమ్ జోలికి వెళ్లొద్దు. దూరం ఎక్కువైతే కొన్ని ఫోన్లు లేని వివరాలను సాఫ్ట్‌వేర్‌తో పూరించేస్తాయి. పొట్ట మీది నల్ల చారలు చూడాల్సిన చోట అది కొంప ముంచుతుంది. గ్రీన్‌లాండ్ రకానికి ఒళ్లు ముదురు రంగు, చారలూ సాధారణంగా ఎక్కువే. అడాప్టర్‌తో స్పాటింగ్ స్కోప్‌కు (పక్షులను చూసే చిన్న టెలిస్కోప్‌కు) ఫోన్ బిగిస్తే ఆప్టికల్ జూమ్ దొరుకుతుంది. ఖర్చు పెట్టాలనుకుంటే కొత్త ఫోన్ కన్నా దానికే నా ఓటు.

చారలు ఒక్కో పక్షికి ఒక్కోలా ఉంటాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు చారలూ ఉండవు, నుదుటి తెలుపూ ఉండదు. కాబట్టి గుంపులోని పెద్ద పక్షులను చూసి నిర్ణయించుకోండి. చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్‌లో ఉపజాతి పేరుతోనూ నమోదు చేయొచ్చు, కానీ రంగు తేలకపోతే జాతి పేరుతోనే వదిలేయండి.

ప్రశ్న: అరుపు రికార్డు చేస్తే తేలుతుందా?

జవాబు: మెర్లిన్ సౌండ్ ఐడీ చెప్పేదీ జాతి పేరే. అయితే పొగమంచులో ఏ పెద్దబాతు వచ్చిందో తెలుసుకోవడానికి బాగా పనికొస్తుంది. ఆ ప్రాంతపు ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది.