నలుగురితో కూర్చుని నవల

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మాయీ,

నీ మెయిలు బుధవారమే చూశాను. శుక్లం ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు, స్క్రీన్ ఎక్కువసేపు చూడొద్దన్నారు. అందుకే జవాబు ఆలస్యం. ‘మేడమ్’ అని మొదలుపెట్టి మూడో పేరాకల్లా ‘పెద్దమ్మా’ అనేశావు. రెండోదే బాగుంది, అదే ఉంచెయ్.

మీ ఐదుగురూ ప్రతి శనివారం పొద్దున ఒకచోట చేరి ఎవరి నవల వాళ్ళు రాసుకుందామనుకుంటున్నారు. అది విని మీ ఆఫీసులో ఒకాయన “రాయడం కూడా కంబైన్డ్ స్టడీయేనా?” అని నవ్వాడన్నావు. నీకూ లోపల అదే అనుమానం ఉందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. రచన ఏకాంతంలో జరగాలి కదా అని రెండుసార్లు రాశావు.

కంబైన్డ్ స్టడీయే అనుకో, తప్పేముంది? పరీక్షలప్పుడు పక్కింటి డాబా మీద కలిసి చదివామంటే ఒకళ్ళకొకళ్ళు పాఠాలు చెప్పుకున్నామనా? పక్కవాళ్ళు పుస్తకం మూయనంతసేపూ మనకి మూయడానికి మొహం చెల్లేది కాదు. ఆ మాత్రానికే పోర్షన్ పూర్తయ్యేది.

ఇక ఏకాంతం సంగతి. నిండు సభలో చుట్టూ పృచ్ఛకులు కూర్చుని తలా ఒకటి అడుగుతుంటే, మధ్యలో గంటలు కొడుతుంటే, ఆ గంటలు లెక్కపెట్టుకుంటూనే పద్యాలు చెప్పిన అవధానుల భాష మనది. తిరుపతి వేంకట కవులు ఇద్దరు మనుషులు, పేరు ఒక్కటే. ‘వేయిపడగలు’ అంత పెద్ద నవలని విశ్వనాథ సత్యనారాయణ గారు నోటితో చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాసుకున్నారు. 29 రోజుల్లో అయిపోయిందంటారు. ఆ వేగం మనకి అక్కర్లేదు, దాని జోలికి పోకు. కానీ ఆ గదిలో ఇంకో మనిషి కలం పట్టుకుని తర్వాతి వాక్యం కోసం చూస్తూ కూర్చున్నాడు, చూశావా, నేను పట్టుకున్నది ఆ సంగతిని.

నేను 1980ల్లో వారపత్రికకి సీరియల్ రాసేదాన్ని. బుధవారం రాత్రికల్లా ఆ వారం భాగం రైల్వే స్టేషన్లో ఆర్.ఎం.ఎస్. (రైల్వే తపాలా) డబ్బాలో పడాలి. పిల్లాడికి జ్వరమైనా, ఇంటికి చుట్టాలొచ్చినా ఆ పన్నెండు పేజీలు పడాల్సిందే. నాకు క్రమశిక్షణ ఉండి రాయలేదమ్మా. అవతల ఎవరో ఎదురుచూస్తున్నారు కాబట్టి రాశాను. ఇప్పుడు సీరియల్ వేసే పత్రికలు ఏవీ పెద్దగా మిగల్లేదు. నీ నవల కోసం ఈ వారం ఎవరు చూస్తున్నారు చెప్పు? ఎవరూ లేరు. కాబట్టి ఆ ఎదురుచూసే మనుషుల్ని మీరే తయారు చేసుకోవాలి. శనివారం పొద్దున నీ ఖాళీ కుర్చీని చూసి “ఏదీ, రాలేదా?” అనే నలుగురు ఉంటే చాలు.

అమెరికాలో ఇది పెద్ద ఉద్యమంలా నడిచింది. 1999 జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ అనే ఆయన, స్నేహితులు కలిపి 21 మంది, ఒక్క నెలలో నవల రాసేద్దామని కూర్చున్నారు. మరుసటి ఏడు నవంబరుకి మార్చుకున్నారు. 30 రోజుల్లో 50,000 మాటలు, అంటే రోజుకి 1,667. నానోరైమో అని పేరు. ఊరూరా కాఫీ షాపుల్లో, లైబ్రరీల్లో చేరి రాయడాన్ని ‘రైట్-ఇన్’ అనేవాళ్ళు. ఆ సంస్థ 2025లో మూతపడింది. అయినా ఇప్పటికీ కలిసి కూర్చుని రాసుకునేవాళ్ళు ఉన్నారు, అలా కూర్చోడానికి సంస్థెందుకు?

నువ్వు ఆ 1,667 అంకెని నీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకున్నానన్నావు. ముందు అది కొట్టెయ్. అది ఇంగ్లీషు లెక్క. “ఆమె రాలేకపోతున్నానని చెప్పింది.” మనకి మూడు మాటలు. అదే ఇంగ్లీషులో చెప్పాలంటే తొమ్మిదిదాకా పడతాయి. మన క్రియలు రైలుపెట్టెల్లా ఒకదానికొకటి తగులుకుని పోతాయి, కంప్యూటరు వాటిని ఒకటిగా లెక్కేస్తుంది. ఆ అంకె వెంటపడి ఒకబ్బాయి, మా రాసుకునే గుంపులోనే, ‘వెళ్ళిపోయాడు’ని ‘వెళ్ళి పోయాడు’ అని విడగొట్టి రాయడం మొదలుపెట్టాడు, లెక్క పెరుగుతుందని! పేజీలు లెక్కపెట్టుకో. ఠావు కాగితం మీద నా చేతిరాతలో పేజీకి 180, 190 మాటలు వస్తాయి. శనివారానికి నాలుగు పేజీలు అనుకో. ఏడాదిలో యాభై శనివారాలు దొరికితే 200 పేజీలు, దగ్గర దగ్గర 38,000 మాటలు. చిన్న నవల అయిపోయింది. రోజూ రాయకపోయినా సరే.

ఇప్పుడు మా గుంపు గురించి చెప్తాను. నీకు అసలు చెప్పాల్సింది అదే.

తొమ్మిదేళ్ళ కిందట ఇక్కడ ఆరుగురం మొదలుపెట్టాం, ఆదివారాలు. మొదటి నెల ఒకావిడ ఇంట్లో. నెల తిరిగేసరికి అందరికంటే తక్కువ పేజీలు ఆవిడవే. ఎందుకంటే మేం రాస్తుంటే ఆవిడ ఉప్మా కలుపుతోంది. వద్దంటే వినదు, మనవాళ్ళ ఇళ్ళలో అది కుదిరే పని కాదు. అందుకని ఎవరింట్లోనూ పెట్టుకోవద్దు, ముఖ్యంగా ఆడవాళ్ళ ఇంట్లో. తర్వాత ఒక ట్యూషన్ సెంటరు మేడ మీద గది దొరికింది. బెంచీలు, బోర్డు, కరకరలాడే ఫ్యాను. మీకు హైదరాబాదులో లామకాన్ లాంటి, ఎవరైనా వచ్చి కూర్చోగల సాంస్కృతిక కేంద్రాలున్నాయి, లేదంటే మీ పేటలో గ్రంథాలయం ఉంటుంది. టీ దొరికి, టీవీ లేని ఏ చోటైనా పనికొస్తుంది.

మాలో ఒక రిటైరైన హెడ్‌మాస్టారు ఉండేవారు. చిత్తూరు జిల్లా మనిషి, కొడుకు ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చారు. రెండో వారం చేతిసంచీలోంచి ఒక ఇత్తడి బల్లగంట తీసి బెంచీ మీద పెట్టారు, నొక్కితే ‘టింగ్’మనేది. పాతిక నిమిషాలకోసారి ఆయనే కొట్టేవారు. మీ ఆఫీసుల్లో పొమొడోరో అంటారట కదా, అదే లెక్క. మేం మాత్రం ‘పీరియడ్’ అనేవాళ్ళం. పాతిక నిమిషాలు రాత, పది నిమిషాలు టీ. రెండున్నర గంటల్లో నాలుగు పీరియడ్లు. ఫోన్లన్నీ కిటికీ మీద బోర్లా.

రెండు నెలలు బంగారంలా సాగింది. అప్పుడు ఎవరికో, నాకే అనుకుంటా, ఒక ఆలోచన వచ్చింది. రాసింది చదువుకుందామా అని. చివర్లో అరగంట, ఒక్కో వారం ఒకళ్ళు. మాస్టారి వంతు వచ్చింది. ఊరి చెరువుకి నీళ్ళు వదిలే నీరుగంటి కథ ఆయనది. ఆ అరగంటలో చదవగలిగినంత చదివి, మిగతాది ఎలా సాగిందో నోటితో చెప్పారు. చెరువు, తూము, కట్ట మీది చింతచెట్లు, పొలాల పేర్లు, ఎవరి మడికి ఎన్ని గడియల నీరు. అప్పటికి ఎనభై పేజీలయ్యాయి, కథ ఇంకా కదల్లేదు. నేనన్నాను, “మాస్టారూ, మొదటి నలభై పేజీలు తీసేస్తే మీ నవల మొదలవుతుంది.” అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నా మాట నోట్‌బుక్ అంచున రాసుకున్నారు కూడా.

మరుసటి ఆదివారం వచ్చారు. గంట కొట్టారు. నాలుగు పీరియడ్లూ కలం మూత తీయకుండా కూర్చున్నారు. ఆ తర్వాత రాలేదు.

నేనన్నది తప్పు కాదు. రేపు అచ్చులో చూసినా అదే అంటాను. కానీ అప్పటికి ఆ నవల సగం కూడా అవలేదు. స్లాబు ఆరకముందే సెంట్రింగ్ ఊడదీశాను. ఆ నలభై పేజీలు పాఠకుడి కోసం కాదు, ఆయన తన ఊరికి తిరిగి వెళ్ళడానికి వేసుకున్న దారి. పూర్తయ్యాక ఆయనే తీసేసేవారు. లేదా ఉంచుకునేవారు, అది ఆయనిష్టం.

కాబట్టి మీ ఐదుగురికీ నా తరఫున చెప్పు. మొదటి ప్రతి పూర్తయ్యేదాకా ఒక్క పేరా కూడా ఎవరూ చదివి వినిపించకూడదు. “కొంచెం చూడవా, బాగుందో లేదో” అని బతిమాలినా సరే. బాగుందంటే ఇంకా ప్రమాదం, ఆ బాగున్న పేజీనే పట్టుకుని మూడు నెలలు నగిషీ పెడుతూ కూర్చుంటారు. నాకు తెలిసిన కుర్రాడి మొదటి అధ్యాయం అద్భుతం. ఆరేళ్ళుగా అద్భుతంగానే ఉంది. చదువుకోవడం, చీల్చి చెండాడుకోవడం ఇవన్నీ కావాలి, దానికి వేరే రోజు, వీలైతే వేరే మనుషులు.

మరి టీ టైములో ఏం మాట్లాడుకోవాలి? ఎన్ని పేజీలయ్యాయో చెప్పుకోండి. సున్నా అయితే సున్నా అనండి. ఇంకొకటి, తెలియనివి అడగండి. ఐదుగురున్నారంటే ఐదు ఉద్యోగాలు, ఐదు ఊళ్ళు ఉన్నట్టు. తాకట్టు పెట్టిన నగలు బ్యాంకువాళ్ళు వేలం వేసేముందు ఏమేం నోటీసులు ఇస్తారో నాకు మా గుంపులోని బ్యాంకు ఆవిడ చెప్పింది. లేకపోతే నా నవల్లో ఆ అధ్యాయమంతా సినిమాలా ఉండేది. 1977 ఉప్పెన తర్వాత దివిసీమలో తమ ఇంటివాళ్ళు మంచినీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకున్నారో ఇంకొకాయన చెప్పారు. ఇలాంటివి ఎంతైనా అడగొచ్చు. “నా హీరోయిన్ ఇప్పుడేం చెయ్యాలంటావు?” అని మాత్రం అడగొద్దు. ఐదుగురూ ఐదు చెబుతారు, ఇంటికెళ్ళాక నీకు ఆరోది తోచదు.

అవధానంలో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు కదా, మాటిమాటికీ అడ్డొచ్చి ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన పని. ప్రతి రచయితల గుంపులోనూ ఒకళ్ళుంటారు, ఎవరూ నియమించకుండానే. పీరియడ్ మధ్యలో “ఇది విన్నారా...” అంటారు. అవధాని భరించాలి, అది ఆయన విద్య. మీరు భరించక్కర్లేదు. గంట చూపించండి. మూడోసారి కూడా అంతే అయితే టీకి మాత్రం రమ్మనండి.

మీలో ఎవరో తలా ఒక అధ్యాయం రాసి ఒకే నవల చేద్దామన్నారట. గొలుసు నవలలు పత్రికల్లో వచ్చేవి, సరదాగా ఉంటాయి. అయితే నువ్వు ముచ్చటపడి పెంచిన పాత్రని తర్వాతివాళ్ళు మొదటి పేజీలోనే లారీ కింద తోసేస్తారు. సరదాకైతే సంక్రాంతి సెలవుల్లో రాసుకోండి.

నువ్వు రాసేటప్పుడు ఎక్కడ ఆపాలో కూడా అడిగావు. గంట మోగగానే ఆపెయ్, వాక్యం సగంలో ఉన్నా. పది నిమిషాల తర్వాత ఆ సగం వాక్యమే నిన్ను లాగుతుంది. నాలుగో పీరియడ్ అయ్యాక మాత్రం వచ్చే వారం ఏం రాయాలో ఒక్క లైను రాసుకుని లే. వారం రోజులు పెద్ద ఎడం. ఆ లైను లేకపోతే మొదటి పీరియడ్ అంతా పోయినసారి రాసింది దిద్దుకోవడంతోనే సరిపోతుంది.

మాఘమాసం వచ్చిందంటే పెళ్ళిళ్ళు. గుంపులు విడిపోయేది అప్పుడే, గొడవలొచ్చి కాదు. ఒకరు రాలేదని ఇంకొకరు, ఆ ఇద్దరూ రాలేదని మిగతావాళ్ళు. “ఈ వారం ఉందా?” అని గ్రూపులో మెసేజ్ పడిందంటే సగం చచ్చినట్టే. ఇద్దరు వచ్చినా ఉంటుంది అని మొదటి రోజే అనుకోండి. ఒక ఆదివారం నేనొక్కదాన్నే వెళ్ళాను. ఫ్యాను, నేను. సిగ్గేసింది, కానీ గంట కొట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు ఐదు పేజీలొచ్చాయి.

కరోనా రోజుల్లో వీడియోలో పెట్టుకున్నాం. కెమెరాలు ఆన్, మైకులు ఆఫ్. డాలస్‌లో ఉన్న ఒకమ్మాయి కలిసింది. మనకి ఆదివారం పొద్దున ఏడు, వాళ్ళకి శనివారం రాత్రి ఎనిమిదిన్నర. నవంబరు రెండో వారం ఆ అమ్మాయి గంట ఆలస్యంగా వచ్చి, మేమే ముందు మొదలుపెట్టేశామని గొడవ. చూస్తే వాళ్ళ దేశంలో గడియారాలు గంట వెనక్కి తిప్పారు! మీలో ఎవరైనా బయటి దేశం వెళ్ళిపోతే ఇది గుర్తుపెట్టుకో. వీడియోలో కూడా పేజీలు వస్తాయి. పునుగుల వాసన రాదు, అంతే తేడా.

మాస్టారు ఇప్పుడు తిరుపతిలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఆ ఇత్తడి గంట మా ఇంట్లోనే ఉండిపోయింది. పోయిన నెల ఫోన్ చేసి, అటు వస్తున్నాను, మీ గంట ఇచ్చేసి వెళ్తానండీ అన్నాను. “ఎందుకమ్మా, ఉంచండి, మీరు పీరియడ్లు పెట్టుకోవాలి కదా” అన్నారు. నీరుగంటి ఎంతవరకు వచ్చాడని అడుగుదామనుకున్నాను. నోరు రాలేదు. ఆరోగ్యం గురించి మాట్లాడి పెట్టేశాను.

శనివారం సాయంత్రం నాకు మెసేజ్ పెట్టు. ఏం రాశావో వద్దు, పేజీల అంకె ఒక్కటే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. ల్యాప్‌టాప్ ఛార్జరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఎవరు తేవాలో ముందే అనుకోండి. ఐదుగురికీ ఒక్క ప్లగ్గే ఉంటే రాత మాట అటుంచి, అసలు గొడవ అక్కడ మొదలవుతుంది.