క్యాంపర్ ట్రైలర్ వెనక కార్గో ర్యాక్ బిగించుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: డాలస్‌లో ఉంటారు, సింగిల్ యాక్సిల్ (ఒకే ఇరుసు ఉన్న) క్యాంపర్ ట్రైలర్ కొత్తగా కొన్నారు, హోండా పైలట్‌తో లాగుతున్నారు. జెనరేటర్, పెద్ద కూలర్, కుర్చీలు లోపల పెడితే పిల్లలకు కాలు పెట్టే చోటు ఉండటం లేదు. వెనక బంపర్‌కి కార్గో ర్యాక్ బిగిస్తే బంపర్ ఆగుతుందా అని అడిగారు.

ర్యాక్ పెట్టించుకోవచ్చండీ. బంపర్‌కి మాత్రం వద్దు, ఫ్రేమ్‌కి, అంటే ట్రైలర్ అడుగునున్న ఇనుప చట్రానికి పెట్టించండి. ఫ్రేమ్‌కి పెట్టించినా సరే, జెనరేటరూ కూలరూ దాని మీద ఎక్కించకండి. నేనుండేది ప్లేనోలో. మాదీ ఇంచుమించు మీలాంటి బండే, వెనక ర్యాక్ వేయించుకుని వాడుతున్నాం కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

బంపర్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. దాని చివరనున్న ప్లాస్టిక్ మూత ఊడదీసి చూడండి. నాలుగంగుళాల చదరపు ఇనుప గొట్టం, లోపల మురుగునీటి పైపు దాచుకునే ఖాళీ, అంతే. రేకు మందం అంగుళంలో ఎనిమిదో వంతు ఉంటే గొప్పే. అది ఫ్రేమ్‌కి ఎక్కడ అతుక్కుందో కింద పడుకుని టార్చి వేసి చూస్తే రెండు పక్కలా చిన్న వెల్డింగ్ కుట్టు, దాని మీద నల్లరంగు కనిపిస్తాయి. స్పేర్ టైరు మొయ్యడానికి అది చాలు. ర్యాక్ బరువు బంపర్ మీద కూర్చోదు, బంపర్‌కి అడుగు, అడుగున్నర వెనక వేలాడుతుంది. గతుకు వచ్చినప్పుడల్లా గొట్టాన్ని మెలి తిప్పుతుంది. పైగా ట్రైలర్ తోక కారు వెనక భాగంలా మెత్తగా ఊగదు, ఎగిరెగిరి పడుతుంది. కార్ల కోసం అమ్మే ర్యాకులు చాలావాటి మీద ఆర్వీలకీ ట్రైలర్లకీ వాడొద్దని రాసి ఉండేది అందుకే. లేక్ టెక్సోమా దగ్గర ఐసెన్‌హోవర్ స్టేట్ పార్క్‌లో మా పక్క సైట్ వాళ్ళ బండి చూశాను. బంపర్ ఊడిపోలేదు, మెలితిరిగింది. ర్యాక్ వెనక అంచు నేలకి జానెడు ఎత్తులోకి వచ్చేసింది. పాపం ఆయన దాన్ని రాట్చెట్ పట్టీలతో వెనక నిచ్చెనకి కట్టుకుని ఇంటిదారి పట్టాడు.

సరే, ఫ్రేమ్‌కి గట్టిగా వెల్డింగ్ చేయించారనుకుందాం. ఇనుము ఆగుతుంది. అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది, అదే టంగ్ వెయిట్. అంటే ట్రైలర్ ముందుభాగం మీ కారు హిచ్ బాల్ (ట్రైలర్‌ని తగిలించే ఇనుప గుండు) మీద మోపే బరువు. ఇలాంటి ట్రైలర్లకి అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. కావడి మోసేవాణ్ణి ఊహించుకోండి. భుజం ఉన్నచోట యాక్సిల్ ఉంది, ముందు బుట్ట కారు మీద ఆనుతోంది. వెనక బుట్టలో ఏది వేసినా ముందు బుట్ట తేలుతుంది. ఎంత తేలుతుందో లెక్క కట్టడం తేలికే: వెనక పెట్టిన బరువుని యాక్సిల్ నుంచి దాని దూరంతో గుణించి, యాక్సిల్ నుంచి బాల్‌కి ఉన్న దూరంతో భాగించాలి. వచ్చినంత బరువు బాల్ మీద నుంచి పోతుంది. పోయింది ఎక్కడికో పోదు, వెనక పెట్టిన బరువుతో పాటు అది కూడా యాక్సిల్ నెత్తినే పడుతుంది. చాలామంది ఈ రెండో సగం మర్చిపోతారు.

మా బండి అంకెలతోనే చూపిస్తాను. సామాన్లతో కలిపి 3,700 పౌండ్లు, అందులో టంగ్ వెయిట్ 430, అంటే పదకొండున్నర శాతం. మిగతా 3,270 యాక్సిల్ మీద. బాల్ నుంచి యాక్సిల్‌కి 12 అడుగులు, యాక్సిల్ నుంచి వెనక ర్యాక్ మధ్యకి 9 అడుగులు. ఇప్పుడు మీరు అనుకుంటున్న సామాను ఎక్కిద్దాం. ఇనుప ర్యాక్ ఒక 50 పౌండ్లు, హోండా 2200 జెనరేటర్ 47, ఐసూ మసాలా పట్టించిన చికెనూ నింపిన కూలర్ 63 అనుకోండి. మొత్తం 160. దాన్ని 9తో గుణించి 12తో భాగిస్తే 120. టంగ్ వెయిట్ 430 నుంచి 310కి పడిపోయింది. ట్రైలర్ బరువేమో 3,860 అయింది. శాతం ఎనిమిదికి దిగింది. యాక్సిల్ మీద 160, 120 కలిపి 280 పెరిగి 3,550 అయింది. మా యాక్సిల్ కెపాసిటీ 3,500. టైర్లు ఎస్‌టీ 205/75 ఆర్14, లోడ్ రేంజ్ సి. పూర్తిగా 50 పీఎస్ఐ గాలి ఉంటే ఒక్కోటి 1,760 పౌండ్లు మోస్తుంది, రెండూ కలిపి 3,520. అంటే ఒక కూలరూ ఒక జెనరేటరూ వెనక పెట్టినందుకు హిచ్, యాక్సిల్, టైర్లు మూడూ ఒకేసారి గీత దాటేశాయి. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాకే ర్యాక్ దేనికి వాడాలో మా ఇంట్లో ఒక మాటకి వచ్చాం.

టంగ్ వెయిట్ తగ్గితే ఏమవుతుందని అడగొచ్చు. ఊరి రోడ్ల మీద ఏమీ కాదు, ఇంకా తేలిగ్గా లాగుతున్నట్టే ఉంటుంది. హైవే మీద తెలుస్తుంది. అమరిల్లో వైపు యూఎస్ 287 మీద పక్కగాలి కొడుతుంటే, పద్దెనిమిది చక్రాల బండి ఒకటి మిమ్మల్ని దాటుతుంటే ట్రైలర్ తోక అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెడుతుంది. వేగం ఎక్కువగా ఉంటే ఆ ఊపు తనంతట తాను తగ్గదు, పెరుగుతుంది. అప్పుడు కారు బ్రేకు తొక్కకూడదు, స్టీరింగ్‌తో సరిదిద్దబోకూడదు. గ్యాస్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్‌ మీద చేత్తో నొక్కే మీట ఉంటుంది కదా, దాన్ని నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వెయ్యాలి. ఆ మీట చూడకుండానే చేతికి అందేలా ఉందో లేదో ఇంటి ముందే సరిచూసుకోండి.

వెనక ఎంత పెట్టానో ముందూ అంత పెడితే సరిపోతుంది కదా అంటారు కొందరు. తూకం సరిపోతుంది, ఊపు సరిపోదు. బరువు రెండు కొసల్లో ఉన్న బండి ఒకసారి పక్కకి తిరగడం మొదలుపెడితే ఆపడం కష్టం. అదే బరువు యాక్సిల్ చుట్టూ ఉంటే చప్పున కుదుటపడుతుంది. స్వే కంట్రోల్ (ఊపు తగ్గించే ఏర్పాటు) ఉన్న వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, అంటే బాల్ మీది బరువుని మిగతా చక్రాలకీ పంచే హిచ్ కొంటే చాలని షాపులో చెబుతారు. అది మంచిదే, మీ కారు మాన్యువల్ ఒప్పుకుంటే పెట్టుకోండి. కానీ లేని టంగ్ వెయిట్‌ని అది పుట్టించలేదు.

అందుకని ఏ ర్యాకూ కొనకముందు ఒకసారి తూకం వేయించండి. లవ్స్, పైలట్ లాంటి ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని లారీలు తూచే కాటా ఉంటుంది. ట్రిప్పుకి వెళ్ళేటప్పుడు ఎలా సర్దుతారో అలాగే సర్ది, మనుషులతో సహా వెళ్ళండి. స్కేల్ మీదకి ఎక్కి, కారు ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ చక్రాలు మూడోదాని మీద ఉండేలా ఆపండి. పక్కన స్తంభానికి పెద్ద బటన్ ఉంటుంది, లారీ డ్రైవర్ల ఎత్తులో పెట్టారు కాబట్టి కారు దిగి నొక్కాలి. లోపలినుంచి ఒక గొంతు ట్రక్ నంబర్ అడుగుతుంది. ప్రైవేట్ బండి, ఫస్ట్ వే (మొదటి తూకం) అని చెప్పండి. కాగితం తీసుకుని, పార్కింగ్‌లో ట్రైలర్ వదిలేసి, కారొక్కటే మళ్ళీ ఎక్కించి రీవే (మళ్ళీ తూకం) అనండి. రెండోసారికి తక్కువే తీసుకుంటారు. ట్రైలర్ తగిలించినప్పుడు కారు రెండు పలకల మొత్తంలోంచి కారు ఒంటరి బరువు తీసేస్తే వచ్చేదే మీ టంగ్ వెయిట్. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు ఉంటే విప్పి తూచాలి, లేకపోతే అంకె తప్పు వస్తుంది. మంచినీళ్ళ ట్యాంకు ఎక్కడుందో కూడా చూసుకోండి. గాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు, ముప్పై గాలన్ల ట్యాంకు యాక్సిల్‌కి వెనక ఉంటే 250 పౌండ్లు తోకవైపే ఉన్నట్టు. స్టేట్ పార్క్‌కి వెళ్ళేటప్పుడు ఆ ట్యాంకు నింపుకుని వెళ్ళే పనే లేదు, సైట్‌లో కుళాయి ఉంటుంది.

ఇక బిగించడం. ఫ్రేమ్ రెండు దూలాల మధ్య అడ్డంగా పడే రిసీవర్లు (ర్యాక్ కాడను దూర్చే చదరపు గొట్టం ఉన్నవి) దొరుకుతాయి, వెడల్పు సర్దుకునే రకం. మీ ఫ్రేమ్ వెడల్పు కొలిచి కొనండి. రెండంగుళాల రిసీవర్ తీసుకోండి, ర్యాకులు ఎక్కువ ఆ సైజుకే వస్తాయి. దూలం ఇంగ్లీషు ఐ అక్షరం ఆకారంలో ఉంటుంది కదా, దాని అడుగు పట్టీకి రంధ్రాలు కొట్టనివ్వకండి. దూలం బలమంతా పై పట్టీలోనూ అడుగు పట్టీలోనూ ఉంటుంది. బోల్టులు వెయ్యాలంటే నిలువు భాగానికి వేయించాలి. మేం వెల్డింగే చేయించాం. పనివాడు మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైర్లు విప్పించాను. ఫ్రేమ్ వెంబడి టెయిల్ లైట్ల వైర్లు జిప్ టైలతో కట్టి ఉన్నాయి, అవీ పక్కకి లాగించాను. అడుగున నల్లటి ప్లాస్టిక్ షీటు ఉంటే వెనకవైపు నాలుగు స్క్రూలు తీసి దించమనండి. దాని పైన దూది లాంటి ఇన్సులేషన్ ఉంటుంది, నిప్పురవ్వ లోపలికి వెళ్తే బయటికి కనిపించదు. ఆయన మొదట దేనికండీ ఇదంతా అన్నట్టు చూశాడు గానీ, షీటు దించాక ఎలుక పేర్చుకున్న ఎండుగడ్డి రాలింది. ఆ తర్వాత తనే ఒక బకెట్ నీళ్ళు తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. కొత్త బండి కాబట్టి ఇంకో మాట, ఫ్రేమ్‌కి వెల్డింగ్ చేస్తే వారంటీ పోతుందేమో ముందే చదువుకోండి. వారంటీలో ఉన్నంతకాలం డీలర్ దగ్గర చేయించడమో, ఆగడమో మేలు.

రిసీవర్ కూడా ముప్పై, ముప్పై ఐదు పౌండ్లుంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోవాలి. అందుకని ఇనుప ర్యాక్ కాకుండా అల్యూమినియంది తీసుకున్నాం. బంపర్ మీదున్న స్పేర్ టైరును ట్రైలర్ అడుగున యాక్సిల్‌కి ముందుకి మార్పించాం. నా మట్టుకు ఈ మొత్తం పనిలో దక్కిన లాభం అదే. ర్యాక్ వల్ల తగ్గిన టంగ్ వెయిట్‌లో సగానికి పైగా దానితోనే తిరిగొచ్చింది. ఇప్పుడు ర్యాక్ మీద వెళ్ళేవి మడత కుర్చీలు, బయట పరిచే ప్లాస్టిక్ చాప, మురుగు పైపు, ట్రైలర్ సమంగా నిలవడానికి చక్రాల కింద పెట్టే లెవలింగ్ దిమ్మలు. అన్నీ కలిపి నలభై పౌండ్ల లోపు. చోటు ఎక్కువ తినేవీ, బరువు లేనివీ. వీటితో మళ్ళీ తూయిస్తే పదిన్నర శాతం వచ్చింది, యాక్సిల్ 3,400 దగ్గర ఆగింది. దుమ్మూ వాన బురదా అంతా ట్రైలర్ వెనక సుడి తిరిగి ఆ సామాన్ల మీదే పడుతుంది, కాబట్టి తినేవీ పరుపులూ అక్కడ పెట్టే ఆలోచన ఎలాగూ కుదరదు.

మీ కూలర్‌ని లోపలే, యాక్సిల్‌కి సరిగ్గా పైన నేల మీద పెట్టండి. ఐసు అక్కడికెళ్ళాక కొనుక్కుంటే దాని బరువు సగానికి సగం తగ్గుతుంది. జెనరేటర్ నిజంగా కావాలంటే ట్రైలర్ ముందు త్రికోణం మీద, గ్యాస్ సిలిండర్ల వెనక ట్రే వేయించుకోవచ్చు. అక్కడ టంగ్ వెయిట్ పెరుగుతుంది కాబట్టి మీ కారు హిచ్ పరిమితి ఎంతో చూసుకోవాలి. కానీ పిల్లలతో వెళ్ళేది ఐసెన్‌హోవర్, ఇంక్స్ లేక్, పాలో డ్యూరో లాంటి చోట్లకైతే కరెంటున్న సైట్లు ఉంటాయి, జెనరేటర్ ఇంట్లోనే వదిలెయ్యండి. పెట్రోల్ డబ్బా మాత్రం ఏ పరిస్థితిలోనూ వెనక ర్యాక్ మీద పెట్టొద్దు. వెనకనుంచి ఎవరైనా గుద్దితే మొదట తగిలేది దానికే.

ర్యాక్ బిగించాక సామాన్లతో సహా వెనక పది గజాల దూరం వెళ్ళి నిలబడి చూడండి. నంబర్ ప్లేటూ బ్రేక్ లైట్లూ పూర్తిగా కనిపించాలి, లేకపోతే పోలీసు ఆపుతాడు. ర్యాక్ ఇంకో రెండడుగులు వెనక్కి సాగుతుంది కాబట్టి గ్యాస్ స్టేషన్లలోకి ఎక్కే వాలు దగ్గర తోక నేలకి రాసుకుంటుంది. అలాంటిచోట ఏటవాలుగా, నెమ్మదిగా ఎక్కించండి. బోల్టులతో బిగించిన రిసీవర్ అయితే మొదటి యాభై మైళ్ళకి ఎక్కడైనా ఆగి టార్క్ రెంచితో మళ్ళీ బిగించండి, అవి కాస్త వదులవుతుంటాయి.