ఇంజిన్ హెడ్ రిపేరుకు 1.40 లక్షల యాప్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. గత నెలలో ఒక రాత్రి కుటుంబంతో విశాఖపట్నం వెళ్తుండగా, అన్నవరం దాటగానే ముందున్న లారీ నుంచి జారిపడిన ఇనుప ముక్క తగిలి మా కారు రేడియేటర్‌కు చిల్లు పడింది. టెంపరేచర్ ఎర్ర లైటు వెలిగినా, పిల్లలు ఉన్నారని ఆగకుండా తుని దాకా నడిపాను. అక్కడ బండి ఆగిపోయింది. హెడ్ (ఇంజిన్ పై భాగం) పాడైందని, కొత్తది వేయడానికి 1,38,000 రూపాయలు అవుతుందని సర్వీస్ సెంటర్ వారు అంటున్నారు. బయటి మెకానిక్ 48,000 చెబుతున్నారు. బీమా కంపెనీ రేడియేటర్‌కు, బంపర్‌కు కలిపి 11,400 మాత్రమే ఇస్తానంది. కారుకు నాలుగో ఏడు నడుస్తోంది. నాకు నెలకు చేతికి 66,000 వస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ 19,500, ఇంటి ఖర్చు 28,000, సిప్ (నెలనెలా ఫండ్లలో పెట్టేది) 6,000, లక్ష రూపాయల చీటీకి 5,000 పోతాయి. చీటీ 20 నెలలది, 13 కట్టాను. ఈక్విటీ ఫండ్లలో 2.10 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 23,000 ఉన్నాయి. ఫండ్లు పిల్లల చదువు కోసం కాబట్టి వాటిని ముట్టుకోకుండా, ఒక యాప్‌లో నెలకు 2.5 శాతం వడ్డీకి 24 నెలలకు 1.40 లక్షలు తీసుకుందామనుకుంటున్నాను. ఖర్చులు కాస్త తగ్గించుకుంటే ఆ ఈఎంఐ కట్టగలను. మీ సలహా ఏమిటి?

సమాధానం: తీసుకోవద్దు. ఆ అప్పుకు మీరు నెలకు 7,828 రూపాయల చొప్పున 24 నెలల్లో 1,87,872 కడతారు. 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దానిపై జీఎస్టీ ఉంటే చేతికి వచ్చేది 1,35,044 మాత్రమే, అంటే నిజంగా పడే వడ్డీ ఏడాదికి దాదాపు 34 శాతం. ఊళ్లో ఎవరైనా మూడు రూపాయల వడ్డీ అడిగితే గుమ్మంలోనే తిప్పి పంపే మనం, దాదాపు అదే వడ్డీని ఫోన్ తెర మీద ‘కేవలం 2.5 శాతం’ అని చూసి ఒప్పుకుంటున్నాం. పిల్లల చదువు డబ్బు కాపాడుకోవాలన్న మీ ఆలోచన నాకు అర్థమవుతుంది. కానీ ఏ ఈక్విటీ ఫండూ ఏటా 34 శాతం ఇస్తుందని నమ్మి కూర్చోలేం కాబట్టి, ఫండ్లను కదపకుండా ఈ అప్పు చేయడమంటే పిల్లల డబ్బుకు నష్టం చేయడమే.

ఎంత డబ్బు కావాలో తేలకముందే మీరు అప్పు మొత్తం నిర్ణయించుకున్నారు. హెడ్ అల్యూమినియం మిశ్రమంతో తయారవుతుంది. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) లేకుండా ఇంజిన్ నడిస్తే అది విపరీతంగా వేడెక్కి వ్యాకోచిస్తుంది, బోల్టులు బిగించి ఉండటంతో సాగే దారి లేక ఒంగుతుంది, దాని కింద సీలులా ఉండే గ్యాస్కెట్ పోతుంది, కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తుంది. అయితే ఒంగిన ప్రతి హెడ్‌నూ మార్చనక్కర్లేదు. హెడ్ దించి లేత్ వర్క్స్‌కు పంపితే, తిన్నని ఉక్కు పట్టీని దాని ముఖం మీద నిలిపి, కింది సందులోకి ఫీలర్ గేజ్ రేకులను ఒక్కొక్కటిగా దూర్చి చూస్తారు. చాలా కార్లలో 0.05 మిల్లీమీటర్ల రేకు దూరిందంటే ఫేసింగ్, అంటే ఆ ముఖాన్ని చదునుగా చెక్కించడం, చేయించాలి. ఎంతవరకు చెక్కవచ్చో కంపెనీ మాన్యువల్ చెబుతుంది. ఆ లోపు ఉండి, ప్రెజర్ టెస్టులో పగులు కనబడకపోతే, ఫేసింగ్‌తో, కొత్త గ్యాస్కెట్, కొత్త హెడ్ బోల్టులతో పని పూర్తవుతుంది. పగులు ఉంటే మాత్రం వెల్డింగ్ మీద ఆధారపడకుండా హెడ్ మార్చడం మేలు. ఈ కొలతలను కాగితం మీద రాయించుకోండి. 48,000కూ 1,38,000కూ మధ్య ఉన్న 90,000 రూపాయల తేడాను తేల్చేది ఆ కాగితమే.

బీమా సంగతి. ప్రామాణిక మోటారు పాలసీ షరతుల్లో ఒకటి ఇలా ఉంటుంది: ప్రమాదం తర్వాత అవసరమైన మరమ్మతు చేయించకుండా వాహనాన్ని నడిపితే, దానివల్ల పెరిగిన నష్టానికి యజమానిదే పూర్తి బాధ్యత. ఎర్ర లైటు వెలిగాక మీరు నడిపిన పదిహేనుకు పైగా కిలోమీటర్లకు బీమా సర్వేయర్ (నష్టాన్ని అంచనా వేసే వ్యక్తి) వర్తింపజేసింది దీన్నే. హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా రాయాలి, తిరస్కరణ వచ్చిన ఏడాది లోపు వెళ్లాలి. కానీ మీ వాదన బలంగా లేదు, దాని మీద ఆశ పెట్టుకొని రిపేరు ఆపవద్దు. బాధ కలిగించే విషయం ఏమిటంటే, కారును దగ్గరలోని షెడ్డుకు లాగించడానికి అదే పాలసీ 1,500 రూపాయల వరకు ఇస్తుంది, జాతీయ రహదారి మీద సాయానికి 1033 నంబరు ఉంది. రాత్రివేళ పిల్లలతో రోడ్డు పక్కన ఆగడం ఎంత భయమో తెలుసు, అయినా ఆ రెండూ తెలిసి ఉంటే మీరు ఆగేవారు. రెన్యువల్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్‌ఆన్ (అదనపు రక్షణ) అడగండి, కానీ పత్రం చదివాకే తీసుకోండి. కొన్నింటిలో నీరు చేరడం, ఆయిల్ కారడం మాత్రమే ఉంటాయి, కూలెంట్ మాటే ఉండదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది 23,000 అనే అంకె. నెలకు 47,500 తప్పనిసరి ఖర్చు ఉన్న ఇంట్లో అది పదిహేను రోజుల డబ్బు. సిప్ ఉంది, చీటీ ఉంది, ఇల్లు ఉంది, అత్యవసర నిధి మాత్రం లేదు. నాకు వచ్చే ఉత్తరాల్లో చాలా వాటిలో ఇదే లోటు కనిపిస్తుంది. కారు కొన్నప్పుడు ఈఎంఐ కట్టగలమా అని లెక్కవేసిన వారు, ఆ బండి ఒక రాత్రి ఆగిపోతే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో లెక్కవేయరు. ఈసారి ఆగింది బండి. ఆగేది జీతమే అయితే, 19,500 ఇంటి వాయిదా రెండో నెల ఎలా కడతారు? మీకు కావలసింది ఆరు నెలల ఖర్చు, అంటే 2,85,000. ఇది చేరేవరకు కొత్త పెట్టుబడి గురించి ఆలోచించవద్దు.

ప్రస్తుతానికి ఏడాది దాటిన ఫండ్ యూనిట్ల నుంచి 50,000 తీయండి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఈక్విటీ దీర్ఘకాలిక లాభం 1.25 లక్షలు దాటకపోతే పన్ను ఉండదు. కొత్త హెడ్ తప్పనిసరైతే ఇంకొంత తీయండి, అప్పటికీ తక్కువైతే బ్యాంకులో బంగారం మీద కొద్ది నెలలకు తీసుకోండి. ఆర్‌సీ తాకట్టు జోలికి, క్రెడిట్ కార్డు వాయిదాల జోలికి పోవద్దు. ఈ తొందరలో చీటీ పాట పాడవద్దు, పాటలో వదులుకునే మొత్తం నష్టపోతారు.

యాప్‌కు కట్టగలనన్న ఆ 7,828 రూపాయలను వచ్చే నెల జీతం పడిన రోజే విడిగా ఒక రికరింగ్ డిపాజిట్‌కు మళ్లించండి. 24 నెలల్లో వడ్డీ లేకుండానే 1,87,872 అవుతుంది. చీటీ చివరి వరకు ఆగితే, కమీషన్ 7 శాతం పోయినా 93,000 వస్తుంది, దాన్ని కూడా అదే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. రెండూ కలిపి 2,80,872, లక్ష్యానికి నాలుగు వేల చిల్లరే తక్కువ. చీటీ ముగిశాక మిగిలే నెలకు 5,000లో 2,000 కారు పేరుతో వేరే ఖాతాలో వేయండి. బ్యాటరీ, టైర్లు, వచ్చే ఏటి బీమా ప్రీమియం అందులోంచే కట్టాలి, అత్యవసర నిధిలోంచి ఒక్క రూపాయి కూడా తీయకూడదు. ఈ వారం చేయవలసింది ఒక్కటే: హెడ్ దించి కొలిపించి, ఆ కాగితం చేతికి వచ్చాకే ఏ షెడ్డుకైనా అడ్వాన్సు ఇవ్వండి.